ఆదోని మిల్లు దూలం, ఎమ్మిగనూరు గిటార్

మా ఇంట్లో ఇప్పటికే మూడు గిటార్లున్నాయి. నాలుగోది కొంటానంటే మా ఆవిడ వద్దనలేదు, "పెట్టే చోటు మాత్రం నువ్వే చూపించు" అంది. కర్నూలులో నాకు కళ్లద్దాల షాపు ఉంది. వారమంతా అద్దాల మీద గీతలు వెతకడం నా పని, ఆదివారం చర్చిలో గిటార్ వాయించడం నా సంతోషం. ఎమ్మిగనూరులో మగ్గాలు చేసే మౌలాలి అనే వడ్రంగి, ఆదోనిలో కూల్చేసిన ఒక పాత జిన్నింగ్ మిల్లు దూలం కొని దానితో ఎలక్ట్రిక్ గిటార్లు చేస్తున్నాడని ఒక మిత్రుడు చెప్పినప్పటి నుంచి నాకు కాలు నిలవలేదు. తెల్లదొరల కాలంలో బర్మా నుంచి వచ్చిన టేకు అది. పత్తి నుంచి గింజ తీసే మిషన్ల చప్పుడు వింటూ తరాలపాటు కప్పును మోసిన కట్టె. ఎనిమిది గిటార్లకే సరిపోతుందట, తొమ్మిదోది ఎవరడిగినా లేదు. ఆ ఎనిమిదిలో ఒకటి నాకని చెప్పి పెట్టుకున్నాను.

పత్తి తీతలు మొదలైన రోజుల్లో మౌలాలి ఫోన్ చేశాడు. "గిటారు అయిపోయిందన్నా. ఈడికి వచ్చినాంక ఇద్దరం ఆదోనికి పోవల్ల. ఆడ ఒకామె దీన్ని సూడాల" అన్నాడు. ఎవరామె, ఆమెకూ నా గిటార్‌కూ ఏం సంబంధం అని అడిగితే "వచ్చినాంక సెప్తాలే" అని పెట్టేశాడు. నా గిటార్‌కు పెళ్లిచూపులేమిటో నాకు అర్థం కాలేదు.

ఉదయం ఆరున్నరకు కర్నూలు బస్టాండులో ఎమ్మిగనూరు బస్సు ఎక్కాను. కోడుమూరు మీదుగా రెండు గంటల ప్రయాణం, టికెట్టు వంద దాటి కొంచెం. ఈ కాలంలో వెళ్లేవాళ్లు ఇంకో పావుగంట ఎక్కువ వేసుకోండి, ఎందుకంటే పత్తి చేలకు పోయే కూలీల ఆటోలు రోడ్డు నిండా ఉంటాయి, మన డ్రైవర్లు హారన్ మీద నుంచి చెయ్యి తీయరు. దిగగానే బస్టాండు ఎదురుగా బండి దగ్గర ఉగ్గాని తిన్నాను. నానిన బొరుగులకు తాలింపు పెట్టి, పైన పప్పుల పొడి చల్లి, పక్కన మిరపకాయ బజ్జీలు పెట్టి నలభై రూపాయలకు ఇస్తారు. ఇక్కడి ఉగ్గాని తినకుండా పోవద్దు. బండి నడిపే ఆమె నా వీపు మీది ఖాళీ సంచి చూసి "ఏందప్పా అది, బందూకు పెట్టేదా?" అంది. గిటార్ తీసుకుపోవడానికి వచ్చానన్నాను.

"మౌలాలి తావకా? అట్లయితే ఇంకో రెండు బజ్జీలు తిను. ఆయప్ప మాటల్లో పడితే మధ్యాన్నం దాకా నీకు తిండి ఉండదు."

ఆమె చెప్పింది నిజమే. మౌలాలికి యాభై దాటి ఉంటాయి, చెవిలో పెన్సిలు, నోట్లో మాట, రెండూ ఎప్పుడూ ఉంటాయి. తాత కాలం నుంచి వాళ్లది మగ్గాలు చేసే ఇల్లు. మగ్గాల పని తగ్గిన రోజుల్లో ఎవరో విరిగిన గిటార్ తెచ్చి అతికించమన్నారట. "విప్పి సూస్తే ఏముందన్నా, దారాల బదులు తీగలు. పడుగు బిగించినట్టే బిగించల్ల" అని నవ్వాడు. తీగల వణుకును పట్టే పికప్‌లూ తీగలూ బెంగళూరు నుంచి తెప్పిస్తాడు, మిగతాదంతా తన చేతిపనే. మాట్లాడుతూనే గోనెపట్టా తీసి నా గిటార్ చూపించాడు. ముదురు తేనె రంగు, కట్టెలో పొడవాటి నల్లటి చారలు. చూడగానే ఇది నాదే అనిపించింది. చేతిలోకి తీసుకున్నాక నా షాపు బుద్ధి బయటికి వచ్చింది. పై అంచున, వాయించేటప్పుడు కుడిచెయ్యి ఆనే చోట, నాలుగు వేళ్లు పట్టేంత గుంత ఉంది.

"ఇదేంటి మౌలాలీ, కట్టె చాలలేదా? దీన్ని పూడ్చి పాలిష్ పెట్టు" అన్నాను.

అతను పక్కనున్న పత్తి నుంచి చిన్న పోగు తీసి, గిటార్ అంచు వెంట నెమ్మదిగా లాగాడు. మగ్గం కట్టెకు ఎక్కడైనా గరుకు ఉంటే నేసే బట్ట తెగుతుంది, అందుకని వీళ్లు చేసిన ప్రతి కట్టెనూ ఇలా పత్తితో రాసి చూస్తారు. ఒకటి రెండు చోట్ల పోగు సన్నగా పట్టుకుంది. గుంతలో మాత్రం నీళ్ల మీద పోయినట్టు పోయింది.

"అన్నిటికంటే నున్నగా ఉండే కట్టెను బట్ట రాసుకునే తావ పెట్టేది మా అలవాటు. ఈ గుంత దూలంలోనే ఉండె, మిషను బెల్టో తాడో రాసుకొని ఇట్లయిందనుకున్నా. నీ సెయ్యి ఆనేది ఈడే కదా అని ఇదే తావకు వచ్చేటట్టు కోసినా. కోసినాంక తెలిసింది, తప్పు సేసినానని." అతని గొంతు తగ్గింది. "మిల్లులో పనిచేసిన సుంకమ్మని ఒకామె దూలాన్ని వెతుక్కుంటా ఈడికొచ్చింది. మిల్లు వసారాలో ఈ దూలానికే ఆడోళ్లు పిల్లోళ్లకు ఉయ్యాలలు కట్టేటోళ్లంట. ఆమె కట్టిన తావ గుంత పడిందంట. ఆ ముక్క ఇయ్యి అనింది. కోసేసినానని ఎట్ల సెప్పేది? తెచ్చి సూపిస్తానన్నా. ఆమె కావాలంటే ఇచ్చేయల్లన్నా. నీ డబ్బు నీకు వాపసు. ఇంకోటి సేసేదానికి కట్టె లేదు."

నాకు కోపం వచ్చింది. ఆరు నెలలు ఎదురు చూసి, పది నిమిషాలు ఒళ్లో పెట్టుకున్న వస్తువును ఎవరో అడిగితే ఇచ్చేయాలట. కానీ ఆ మనిషి ముఖం చూస్తే తిట్టడానికి నోరు రాలేదు. గిటార్ సంచిలో పెట్టుకుని అతనితో బయలుదేరాను. ఎమ్మిగనూరు నుంచి ఆదోనికి బస్సులకు కరువు లేదు, గంటలోపే చేరతాం. దారి పొడుగునా సంచిని ఒళ్లోనే పెట్టుకున్నాను. ఊళ్లోకి రాగానే కోట ఉన్న కొండ గుండ్లు, ఆ కింద మార్కెట్‌కు పోయే పత్తి లారీలు కనిపించాయి. ఆటోవాడు నూరు అడిగితే మౌలాలి ఎనభైకి దించాడు. దారిలోనే ఆ మిల్లు స్థలం వచ్చింది. ఇప్పుడక్కడ ప్లాట్లకు పాతిన తెల్ల రాళ్లు తప్ప ఏమీ లేవు.

సుంకమ్మ గడపలో కూర్చుని వేరుశనక్కాయలు ఒలుస్తోంది. కొడుకులిద్దరూ మార్కెట్‌లో హమాలీలు, పనికి పోయారు. మిల్లు చప్పుడుకు ఆమె చెవులు ఎప్పుడో పోయాయి, అందుకే తను కూడా గట్టిగా అరిచినట్టే మాట్లాడుతుంది. మౌలాలి ఆమె చెవి దగ్గర వంగి "తెచ్చినానమ్మా" అని అరిచాడు. నేను సంచి జిప్పు తీశాను. ఆమె గిటార్ తీగలు చూడలేదు, రంగు చూడలేదు. చెయ్యి అంచు వెంట పోయి గుంత దగ్గర ఆగింది. నాలుగు వేళ్లూ అందులో పెట్టింది.

"ఇదే," అంది. "ఈడే కడుతుంటి నా సీర. మిషన్లు తిరిగితే దూలం వణుకుతాండె, ఉయ్యాలలు వాటికవే కదులుతాండె. ఊపే పనే లేదు. మేం లోపల పని సేసుకుంటాంటిమి. కరెంటు పోయి మిషన్లు నిలిస్తే సూడల్ల, పిల్లోళ్లంతా ఒకేసారి లేసి ఒకటే ఏడుపు!" అని నవ్వింది. మేమూ నవ్వాం. తర్వాత ఆమె చెయ్యి తీయకుండానే చెప్పింది. "నా మొదటి బిడ్డ ఈరమ్మ ఇందులోనే పండుకునేది. దోగాడే వయసులో జరమొచ్చి పోయింది. ఆ కాలంలో మాకు ఫోటోలు యాడివప్పా? ఆ బిడ్డ ఉన్నింది అనేదానికి ఈ గుంతే."

నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. పొద్దున దాన్ని పూడ్చమన్నది నేనే. "నువ్వే ఉంచుకోమ్మా" అన్నాను. మౌలాలి నా వైపు ఒకసారి చూసి, ఆ మాటనే ఆమె చెవిలో అరిచాడు.

ఆమె గిటార్‌ను వదలకుండానే తల అడ్డంగా ఊపింది. "వద్దులేప్పా. నా తావ ఉంటే గోడకు ఆనుకొని ఊరికే ఉంటాది. ఇది వణికిన కట్టె. నీ తావ అయితే వణుకుతాదంట కదా. ఒకతూరి వణికించు, సూస్తా."

గిటార్ శబ్దం పెంచే చిన్న యాంప్‌ను చేతిసంచిలో తెచ్చుకున్నాను కానీ దాన్ని బయటికి తీయలేదు. వినలేని మనిషికి దానితో పనేముంది? గిటార్‌ను ఆమె ఒళ్లోనే అడ్డంగా ఉంచి, పక్కన కూర్చుని అన్నిటికంటే లావు తీగను బొటనవేలితో మీటాను. కట్టె సన్నగా వణికింది. ఆమె ఉలిక్కిపడి, మరుక్షణం రెండో చెయ్యి కూడా దాని మీద వేసింది. పాటేమీ కాదు, అదే తీగ, ఒకే తీరుగా మీటుతూ పోయాను. ఆమె కళ్లు మూసుకుంది. గుంతలో ఒక చెయ్యి అలాగే ఉంది, రెండో చెయ్యి గిటార్ వీపు మీద మెల్లగా జోకొట్టడం మొదలుపెట్టింది. కాసేపటికి నా బొటనవేలు నొప్పి పుట్టి ఆపాను.

అప్పటిదాకా అరిచి మాట్లాడిన మనిషి, కళ్లు తెరవకుండా, మొదటిసారి గుసగుసగా అంది.

"నిలపొద్దప్పా. నిలిపితే లేస్తాది."

వేలు మార్చుకుని మళ్లీ మీటాను. ఆమె చెయ్యి తనంతట తాను ఆగేదాకా మీటుతూనే ఉన్నాను. మౌలాలి అటు తిరిగి వీధి చూస్తూ నిలబడ్డాడు. తర్వాత ఆమె మాకు టీ పెట్టి, ఒలిచిన వేరుశనగలు కొంగులోంచి నా సంచి జేబులో పోసింది. "పో, పొద్దుపోతాది" అని మళ్లీ గట్టిగా అరిచి పంపింది.

సాయంత్రం ఆదోని నుంచి నేరుగా కర్నూలు బస్సు దొరికింది. గిటార్ ఇప్పుడు మా ముందు గదిలో ఉంది, చోటు మా ఆవిడే చూపించింది. గుంత అలాగే ఉంది, వాయించేటప్పుడు నా చెయ్యి సరిగ్గా అందులోకే పోతుంది. పాట అయిపోగానే తీగల మీద అరచెయ్యి వేసి శబ్దం ఆపేయడం మా వాయించేవాళ్ల అలవాటు. ఈ గిటార్ మీద మాత్రం నేను అలా చేయడం లేదు. వణుకు దానంతట అది తగ్గేదాకా కదలకుండా కూర్చుంటాను. చర్చిలో కీబోర్డు వాయించే అతను విసుక్కుంటాడు, నేను పట్టించుకోను. పాత కట్టెతో చేసిన వాయిద్యం కొనాలని ఎమ్మిగనూరు వెళ్లేవాళ్లకు ఒక్క సలహా ఇస్తాను. పొద్దున్నే బయలుదేరితే అదే రోజు ఆదోనికి కూడా వెళ్లి రావచ్చు, కాబట్టి ఏ మచ్చనైనా పూడ్చమని చెప్పేముందు, ఆ కట్టె ఒకప్పుడు ఉన్న ఊరికి ఒకసారి వెళ్లి అడిగి రండి.