తెడ్డు మాత్రం ఇవ్వలేదు

ఊళ్లో అందరికీ ఆమె టికెట్టక్క. రేవు పక్కన రెండు గదుల పడవల మ్యూజియంలో టికెట్లు చింపడం, నేల తుడవడం, పడవలకు నూనె పట్టించడం అన్నీ ఆమె పనులే. జీతం మాత్రం టికెట్లకే. లోపలి గదిలో నడిమి పడవ ఆమె తల్లిది. మొగుడు పోయాక ఆ తల్లి దాని మీదే జనాన్ని ఏరు దాటించి కూతుర్ని పెంచింది. పడవ ముందున్న చెక్క మీద ఆ తల్లి పేరుంది. టికెట్టక్క రోజూ మొదట తుడిచేది దాన్నే.

మూడో గది కట్టాలని మ్యూజియం కార్యదర్శికి పట్టుదల పుట్టింది. చందాలకు తిరిగి తిరిగి చెప్పులరిగాక ఇసుక కాంట్రాక్టరు ఇంటి గుమ్మంలో వాలాడు. ఏటి కడుపు తోడి లారీలకెత్తి, పడవలన్నిటినీ ఒడ్డున పడేసిన మహానుభావుడు ఆయనే. బతికున్న పడవల్ని చంపి, శవాలకు గది కట్టిస్తానన్నాడు. ధర్మాత్ముడంటే అలా ఉండాలి! షరతు ఒక్కటే: నడిమి పడవ మీద తన తండ్రి పేరుండాలి. ఆ తండ్రికి పడవెక్కితే కళ్లు తిరిగేవి. అవతలి ఒడ్డు వచ్చేదాకా టికెట్టక్క తల్లి కాళ్ల దగ్గర కళ్లు మూసుకుని కూర్చునేవాడు.

"సార్, అది మా అమ్మ పడవ."

"ఎవరు కాదన్నారమ్మా? కాస్త పెద్ద మనసు చేసుకో," అన్నాడు కార్యదర్శి.

"పెద్ద మనసు నాకొక్కదానికేనా సార్? మ్యూజియం పెద్దదవుతోందిగా, కాస్త అందులోనూ పెట్టించండి."

"టికెట్లు చింపడానికి మనుషులు దొరక్కపోరు," అన్నాడాయన నవ్వుతూనే.

ఇంట్లో మోకాళ్లకు గుడ్డ చుట్టుకుంటున్న తల్లి అంతా విని తలెత్తింది.

"పడవంటే రాసిచ్చేశాం. తెడ్డో?"

"తెడ్డేంటమ్మా?"

"అది ఇవ్వలేదే పిచ్చిదానా. నాలుగు రోజులు చూపించుకుంటామంటే పంపాను. అడిగినప్పుడిస్తానని మీ సారు ఈ గుమ్మంలోనే అన్నాడు. వెళ్లి అడుగు."

శంకుస్థాపన నాడు కాంట్రాక్టరు గంజిబట్టల్లో ఆ పడవెక్కి, తెడ్డు పట్టుకుని ఫొటోకు నిలబడ్డాడు. పడవ ముందు అప్పటికే తండ్రి పేరు మెరుస్తోంది. టికెట్టక్క దగ్గరికెళ్లి చెయ్యి చాపింది.

"అది ఇలా ఇవ్వండయ్యా. మా అమ్మ అడుగుతోంది."

కార్యదర్శి చటుక్కున ముందుకొచ్చాడు. "ఫొటో అయ్యాక తీసుకో తల్లీ!" అని గొణిగాడు. అవసరం పడేసరికి తల్లి అయింది.

"ఇన్నాళ్లూ మీ దగ్గరే ఉందిగా సార్," అని ఆమె తెడ్డు లాగింది. కెమెరాల ముందు ఆడమనిషితో పెనుగులాడలేక పెద్దమనిషి వదిలేశాడు. ఆ క్షణమే ఫొటో తీశారు. మూడో గదిలో ఇప్పుడున్నది అదే: ఎండిన పడవలో, ఉత్త గాలిని పట్టుకుని నిలబడ్డ దాత.

ఉద్యోగం ఆ సాయంత్రమే ఊడింది. ఇంటికొచ్చి తెడ్డు చేతికిస్తూ టికెట్టక్క ఏడ్చింది.

"నీ పేరు తీసేశారమ్మా."

తల్లి తెడ్డు నేలకానించి, దాని ఊతంతో లేచి నిలబడింది.

"తీయనీ. తెడ్డు లేనిది పడవెలా అవుతుందే? తొట్టి. తొట్టికి వాళ్ల నాన్న పేరు సరిగ్గా సరిపోయింది."