జహంగీర్ మామ అడవిని జరగమన్న ఎండాకాలం

మొన్న కొత్తకోటలో వనపర్తి బస్సు కోసం నిలబడితే, హైవే పక్కన ఎవరో ఎండుగడ్డికి నిప్పు పెట్టారు. ఆ పొగకు అందరూ ముక్కులు మూసుకుంటే నాకు నవ్వొచ్చింది. పక్కనున్నావిడ నన్ను అనుమానంగా చూసి సంచీ దగ్గరికి లాక్కుంది. గడ్డి కాలిన వాసన వస్తే నాకు మా జహంగీర్ మామ గుర్తొస్తాడని ఆవిడకు ఎలా చెప్పను?

మా అత్తగారి ఊరు నాగర్‌కర్నూలు జిల్లాలో, నల్లమల అంచున ఉంది. మాది చివరి వరుస. పెరటి గోడ దాటితే సీతాఫలం పొదలు, తంగేడు, నడుమెత్తు గడ్డి, ఆపైన అడవి. పక్కిల్లు జహంగీర్ మామది. బస్సు కండక్టరుగా రిటైరై వచ్చాడు గానీ ఆయన మెడలోని ఈల రిటైరు కాలేదు. మేకలను తోలడానికీ ఈలే, భార్య మహబూబీని చాయ్ అడగడానికీ ఈలే. మేకలు పలికేవి, మహబూబీ పలికేది కాదు.

ఎండాకాలం గుట్ట మీద ఎక్కడో ఒకచోట మంట లేచేది. ఒక ఏడు అది మా ఇళ్ల వెనక వాగు దాకా వచ్చి, గాలి మళ్లబట్టి ఆగింది. అప్పుడు నేను నిండు గర్భిణిని. ఆ భయం నన్ను చాలాకాలం వదల్లేదు. మరుసటి ఏడు శివరాత్రికి ముందే మామ ఫారెస్టు వాళ్లను కలిసి, ఇళ్ల వెనక పొదలు, గడ్డి కొట్టుకోవడానికి అనుమతి తెచ్చాడు. పెద్ద చెట్ల జోలికి పోకూడదన్నారు.

మా వరుస వాళ్లందరినీ పిలిచి ఈల ఊదాడు. "ఉద్యోగమంత లోపలికి జరుగున్రి, లోపలికి జరుగున్రి అని ఒర్లిన. ఇప్పుడు గీ చెట్లకు దూరం జరుగున్రి అని చెప్పుడైతుంది. నిప్పు గూడ టికెట్ లేని ప్యాసింజరే. ముందు గడ్డి ఎక్కుతది. గడ్డి మీదికెల్లి కింది కొమ్మ, కొమ్మ మీదికెల్లి మన ఇంటి కప్పు. ఫుట్‌బోర్డు మీద ఏలాడే కొమ్మలను ముందు దించాలె."

తంగేడు దగ్గర మా అత్త అడ్డం తిరిగింది. "బతుకమ్మకు తంగేడు పువ్వు లేకుంటే నీ ఈల పెట్టి పేర్చాల్నా అన్నా?" అంది.

"అన్నీ కొట్టొద్దు చెల్లె. సీటుకొక్కరు లెక్క జర ఎడమెడం ఉంచుదాం," అన్నాడు మామ. అలా కొన్ని తంగేళ్లకు సీట్లు దొరికాయి.

అందరూ ఇంత హుషారుగా పనిచేయడం చూసి మామ ఉబ్బిపోయాడు. ఆ హుషారు దేనికో చివరిరోజు తెలిసింది. కొట్టిన కంపంతా ఎవరింటి గోడకు వాళ్లు ఆనించి పేర్చుకున్నారు. ఊరికే వచ్చిన వంటచెరకును ఎవరు వదులుకుంటారు? అడవిని దూరం జరపమంటే ఎండబెట్టి మరీ ఇంటికి తెచ్చుకున్నాం. అందరికంటే పెద్ద కుప్ప మహబూబీది. దాని మీద బొంత కూడా ఆరేసింది. మామ నెత్తి పట్టుకుని అక్కడే కూలబడ్డాడు.

"ముందు నీ ఇంటిది తియ్యి," అన్నారు జనం.

మహబూబీ నడుం మీద చేయి పెట్టింది. "వానలు పడితే తడికట్టెల పొయ్యి నువ్వు ఊదుతవా?"

"ఊదుత."

"ఈల ఊదినట్టు గాదు."

మామ వంగి, ఒక మోపు నెత్తికెత్తుకుని రోడ్డు పక్క బయలు జాగాలో పడేసి వచ్చాడు. మళ్లీ వంగాడు. మూడోసారికి మహబూబీ తిట్టుకుంటూ తాడు పట్టుకొచ్చింది. అది చూసి మిగతా ఇళ్లూ కదిలాయి, ఒక్క మా అత్త తప్ప.

ఆమె అంగడికి పోయిన పూట మామ గోడ మీది నుంచి తొంగిచూశాడు. "మోస్తవా బిడ్డా? లోపల పండుకున్నోడు నీ కొడుకు," అన్నాడు. అత్త నోటికంటే మంటకే ఎక్కువ భయపడ్డాను. ఇద్దరం కలిసి మోసేశాం. అత్త తిరిగొచ్చి మా ఇద్దరితోనూ మాట్లాడటం మానేసింది.

ఆ అలక తీరకముందే, ఒక మిట్టమధ్యాహ్నం మంట గుట్ట దిగింది. ఎగిరెగిరి వచ్చింది గానీ, పలచన చేసిన చోటికి చేరేసరికి ఎక్కడానికి కొమ్మ దొరక్క నేల మీద పాకింది. వేపమండలతో బాది ఆర్పాం. గాలికి లేచిన రవ్వలు కొన్ని మా గోడ పక్కన, అత్త కుప్ప ఉండిన చోటే పడ్డాయి. అక్కడ ఉత్త మట్టి ఉంది. అవి కాసేపు ఎర్రగా మెరిసి ఆరిపోయాయి. గోడకు ఇవతల నా కొడుకు నిద్ర కూడా లేవలేదు.

అత్త ఆ మట్టిని చాలాసేపు చూసింది. తర్వాత చెంబెడు నీళ్లు తెచ్చి, మసిగొట్టుకుపోయిన మామ చేతికిచ్చింది. "నా కట్టెలు యాడ పెట్టినవ్ అన్నా?" అంది.

"రోడ్డు కాడ. భద్రంగున్నయ్ చెల్లె."

ఆయన పోయిన ఏడు కన్నుమూశాడు. ఇప్పటికీ ఎవరికైనా ఏదైనా చెప్పబోతే ఆయన వంగిన నడుమే కళ్లముందుకొస్తుంది, ముందు ఆ పని నేను చేస్తాను. ఈ శివరాత్రికి ఊరెళ్లాను. మా అత్త కొడవలి పట్టుకుని మామ ఇంటి వెనక గడ్డి కోస్తోంది. కోసినంతా మోపు కట్టి, ఎవరూ చెప్పకుండానే, ఆ వయసులో తనే నెత్తికెత్తుకుని రోడ్డు వైపు నడిచింది. నేనింకో మోపెత్తుకుని వెనకే వెళ్లాను. ఆయన లేడన్న దుఃఖం నాకు అప్పుడు తెలిసింది. ఇద్దరం ఏడుస్తూనే మోశాం.