పందొమ్మిది రోజులు ఒకే బరువు

మా నర్సింగ్ కాలేజీకి ట్యాబులు వచ్చినప్పుడు నాకు కోతికి కొబ్బరికాయ దొరికినట్టయింది. ఇరవై ఏళ్లుగా అదే సుద్దముక్క, అవే చార్టులు. ఇప్పుడు కోలారు పక్కన తమక అనే మా కాలేజీ ఊళ్లో, క్లాసులో కూర్చునే జిల్లాలో ఏ మూలనున్న రోగి బరువైనా తెర మీద చూడొచ్చు అన్నారు. శిక్షణ చివర పెట్టిన పరీక్షలో నాకే ఎక్కువ మార్కులు వచ్చాయి. ఆ సంగతి ఇంట్లో చెప్పాను, స్టాఫ్ రూములో చెప్పాను, ముళబాగిలు బస్సులో పక్క సీటావిడకు కూడా చెప్పాను. ఆవిడ అడగలేదు.

గుండె బలహీనపడితే ఒంట్లో నీరు చేరుతుంది. కాళ్లు వాచకముందే బరువు పెరుగుతుంది. అందుకని రోగి పొద్దున్నే బరువు చూసుకుని ఫోనులో పంపితే, యాప్ దాన్ని గీతగా గీస్తుంది. బాగుంటే పచ్చ, ఒక్కసారిగా పెరిగితే ఎరుపు.

నా వంతుకు వచ్చింది ఊరిగాంలో ఉండే ఒక పెద్దాయన. అక్కడి బంగారు గని మూసేదాకా లోపల పనిచేసినవాడు. ఇప్పటికీ ఆ పాత కంపెనీ ఇంట్లోనే భార్యతో ఉంటున్నాడు. బరువు చూసే మెషీన్ ఇచ్చి, ఎక్కించి చూపించాను. యాభై ఎనిమిదిన్నర కిలోలు. "దినామూ పొద్దున పంపాలప్పా, మరవొద్దు," అని గట్టిగానే చెప్పాను. బడిపంతులు కూతుర్ని, మెల్లగా చెప్పడం మా ఇంటా వంటా లేదు.

ఆయన మరవలేదు. రోజూ ఆరింటికల్లా మెసేజ్ వచ్చేది. యాభై ఎనిమిదిన్నర. మర్నాడూ అదే. పందొమ్మిది రోజులు అదే. గీత రూళ్లకర్రలా తిన్నగా, పచ్చగా ఉంది. నేను పొంగిపోయి ఆ గ్రాఫ్‌ని క్లాసులో గోడంత చేసి చూపించి, "రోగికి అర్థమయ్యేలా చెబితే ఇలా ఉంటుంది," అన్నాను. పిల్లలు రాసుకున్నారు. మనిషి బరువు పందొమ్మిది రోజులు ఇసుమంత కూడా మారలేదంటే ఆయన మనిషి కాదు, మా ల్యాబులో పడుకోబెట్టే ప్లాస్టిక్ బొమ్మ. ఈ ముక్క ఎక్కువ మార్కుల తల్లికి తట్టలేదు.

వారానికోసారి ఇంటికి వెళ్లి కాళ్లు నొక్కి చూడాలని నియమం ఉంది. గీత పచ్చగా ఉండగా ఈ ఎండలో బస్సెక్కడమెందుకని మానేశాను. ఇరవయ్యో రోజు మాత్రం వెళ్లాను. ఆయన కోసం కాదు, నా ఆదర్శ రోగిని చూపించడానికి నలుగురు విద్యార్థినులను వెంటేసుకుని.

పెద్దాయన కాళ్ల మీద దుప్పటి కప్పుకుని కుర్చీలో ఉన్నాడు. మాటకీ మాటకీ మధ్య ఆయాసం. నేను ట్యాబు పైకెత్తి ఉపన్యాసం మొదలుపెట్టగానే ఆయన భార్య అడ్డొచ్చింది.

"నాలుగు దినాల్నించీ ఇట్లే కూర్చొనే నిద్రపోతా ఉండాడమ్మా. ఇంగ చెప్పులు గూడా పట్టేది లేదు."

దుప్పటి తీశాను. పాదం మీద వేలితో నొక్కితే గుంట పడింది, అలాగే ఉండిపోయింది. మెషీన్ ఎక్కిస్తే అరవై నాలుగు. వెనక పిల్లలెవరూ నవ్వలేదు. నవ్వి ఉంటే బాగుండేది.

"మరి దినామూ పంపిన బరువేందప్పా?"

"నువ్వు ఆ పొద్దు చూసి చెప్పిందే పంపినాను గదమ్మా. గనిలో గూడా అంతే. దిగేటప్పుడు ఎవురి నంబరు బిళ్ళ వాళ్ళకి ఇస్తారు. పైకొచ్చి బిళ్ళ ఇచ్చేస్తే, మనిషి వచ్చేసినాడు, ఇంగ ఎతికే పని లేదని. నేను బాగుండానని తెలిసేదానికే గదా అడిగినావు?"

అంబులెన్సులో తమకలోని మా కాలేజీ ఆసుపత్రికి తీసుకొచ్చాం. నీరు తీసే ఇంజెక్షన్లు మొదలయ్యాయి. మూత్రం ఎంత పోతున్నదీ నేనే కొలిచి రాశాను. ఆ రెండు రోజులూ ఇంటికి పోలేదు. ఆయన పోతే అది గుండె చేసిన పని కాదు, నేను చేసిన పని అని నాకు తెలుసు.

మూడో రోజు ఆయాసం తగ్గింది. తప్పు నాదేనని చెప్పుకున్నాను. "నీ తప్పేముందమ్మా, నాకే తెలీలేదు," అన్నాడు. గనిలో పద్ధతి తెలియనిదాన్ని కదా అని, నెమ్మదిగా చెప్పాడు.

"అయితే మా బిళ్ళలు తీసుకునేటోడు బిళ్ళ ఒగటే చూసేవాడు కాదమ్మా. మొగం జూసి తీసుకునేవాడు."

దెప్పడానికి అన్నది కాదు. అందుకే నాకు ఏడుపొచ్చింది. పిల్లల ముందే ఏడ్చాను.

ఇప్పుడు ఆయన బరువు రోజూ కాస్త అటూ ఇటూ మారుతూ వస్తోంది. గీత వంకరటింకరగా ఉంటుంది, క్లాసులో దాన్నే చూపిస్తున్నాను. బుధవారం బుధవారం ఊరిగాం వెళ్తాను. నేను గడప దాటేలోపే ఆయన రెండు కాళ్లూ చాపి పెడతాడు.

"ముందు మొగం చూడమ్మా," అంటుంది ఆయన భార్య.

చూస్తాను.