ఏటిపాలైన ఒడిబియ్యం

మొన్న కారు లైసెన్సు గడువు పెంచుకోవడానికి కరీంనగర్ వెళ్తే, అక్కడి గుమాస్తా నా పుట్టిన సంవత్సరం చూసి, కళ్ళద్దాలు నుదుటి మీదికి నెట్టుకుని, "ఈ వయసుల కారేసుకొని ఎటు పోతరమ్మా?" అని అడిగాడు. ఆరేళ్ళ కిందట నేనొక్కదాన్నే కారేసుకుని ఓడలు చూడటానికి పోయిన సంగతి మొదలుపెడితే నా వెనక వరుసలో నిలబడ్డవాళ్ళకు మధ్యాహ్నం భోజనం తప్పిపోతుందని నవ్వి ఊరుకున్నాను. మీకైతే చెప్పొచ్చు. మీరూ నా ఈడువాళ్ళే, మనకు తొందరేముంది.

హుజూరాబాద్ దగ్గరి బడిలో ముప్పై ఏళ్ళు సాంఘిక శాస్త్రం చెప్పాను. సముద్రాలు దాటి కొత్త దేశాలు వెతికినవాళ్ళ ఓడలను తెరచాపలతో సహా నల్లబల్ల మీద ఎన్నిసార్లు గీశానో నాకే తెలియదు గానీ, నిజమైన ఓడను కంటితో చూసింది లేదు. రిటైరైన ఏడాది తోటి టీచర్లంతా విశాఖపట్నం పోయి ఓడలు చూసొద్దామన్నారు. వంతెనలు లేని రోజుల్లో మనుషులనూ మేకలనూ ఎడ్లబండ్లనూ గోదావరి దాటించిన పెద్ద పడవలు ఏ రేవులోనైనా మిగిలాయేమో చూస్తాను, మన ఓడలు అవే, మన చరిత్రా అదే అన్నాను నేను. వాళ్ళు పడీ పడీ నవ్వారు. మా ఆయన మాత్రం మోకాలికి తైలం రాసుకుంటూ, "నువ్వు రివర్సు తీసేలోపల గోదారి ఎండుతది, నేను రాను" అని తేల్చేశాడు. రాకపోవడమే నాకూ కావాల్సింది. ఎందుకంటే కారు డిక్కీలో, పాత పడవల గురించి రాసుకోవడానికి పెట్టుకున్న నోటుపుస్తకం కింద, ఐదు సేర్ల బియ్యం ఉన్నాయి. ఆ సంగతి ఆయనక్కూడా చెప్పలేదు.

నాకు తొమ్మిదేళ్ళప్పటి మాట. మా మేనత్తను గోదావరి అవతలి ఊరికిచ్చారు. పెళ్ళయిన ఐదో ఏట పుట్టింటికి వచ్చిన ఆమెకు మా అవ్వ, అంటే మా అమ్మ, ఒడిబియ్యం పోసింది. పసుపు కలిపిన బియ్యం, ఎండుకొబ్బరి కుడకలు, ఖర్జూరాలు, పోకలు, పైన రవికె గుడ్డ. అవి భద్రంగా అత్తవారింటికి తీసుకుపోయి వండి, నలుగురికీ పెడితే తప్ప ఆ ముచ్చట పూర్తికాదు. దించిరావడానికి ఆమె పెద్దన్న, మా బాపు, బయల్దేరితే నేనూ వెంటపడ్డాను. పడవెక్కాక నా కాళ్ళ దగ్గర రెండు మూటలు పెట్టారు. ఒకటి ఒడిబియ్యం, ఇంకొకటి మా నాయనమ్మ బియ్యం నానబోసి, పిండి పట్టి చేసిచ్చిన సకినాలు. నేను వెంటపడిందే ఆ సకినాల కోసమని మీకు వేరే చెప్పాలా?

అవతలి ఒడ్డు దగ్గరపడుతుండగా పడవలోని మేకలు బెదిరి అన్నీ ఒకే పక్కకు ఉరికాయి. పడవ ఒరిగింది, నీళ్ళు లోపలికి వచ్చాయి. పడవతను "బరువు దించుండ్రి, బరువు దించుండ్రి" అని కేకపెట్టాడు. మగవాళ్ళు ఏట్లోకి దిగండని అతని అర్థం. అక్కడ నీళ్ళు నడుములోతు కూడా లేవు, మా బాపుతో సహా అందరూ ధోతులు ఎగ్గట్టుకుని దిగారు కూడా. ఆ లోతు తెలియని నేను మాత్రం మునిగిపోతున్నామనుకున్నాను. రెండు మూటల వంకా చూశాను. ఒకటి చంకలో పెట్టుకుని, ఇంకొకటి ఏట్లోకి తోసేశాను. ఏది చంకలో పెట్టుకున్నానో కూడా మీకు చెప్పనక్కర్లేదు.

ఒడ్డుకు చేరాక మూట ఏదని వెతికారు. మేకల తొక్కిసలాటలో జారిపోయిందన్నారు. ఇంటికి పోయాక మేనత్త అత్తగారు మాత్రం ఒడిబియ్యం ఏటిపాలైతే పెనిమిటికి కీడని ఏడ్చి పెడబొబ్బలు పెట్టింది. ఆ తర్వాత మేనత్త మళ్ళీ ఒడిబియ్యానికి మా ఇంటికి రాలేదు. చావులకూ పెళ్ళిళ్ళకూ వచ్చి, ఉన్నంతసేపు ఉండి వెళ్ళిపోయేది. అదంతా నావల్లేనని నాకు తెలుసు, ఇంకెవరికీ తెలియదు. నాకు పెళ్ళయ్యాక నా ఒడి నింపిన ప్రతిసారీ ఏట్లోకి తోసిన ఆ మూటే గుర్తొచ్చేది.

సరే, బయల్దేరానని చెప్పాను కదా. మొదటి రేవులో ఒక పెద్ద పడవ సగం ఇసుకలో కూరుకుపోయి ఉంది. దాని వీపు మీద ఎవరో మిరపకాయలు ఎండబోశారు. ఇంకొకదాన్ని ఒక ఊరి బడి ఆవరణలో పెట్టి నీలంరంగు వేశారు, పిల్లలు దాని మీదనుంచి దూకుతున్నారు. రెండింటినీ బారలతో కొలిచి రాసుకున్నాను. తర్వాత వంతెన దాటాను. దాటగానే ఎడమవైపు మేనత్త ఊరి దారి. స్టీరింగు తిప్పాల్సింది పోయి, కాలు మరింత గట్టిగా నొక్కి, ముందుకే పోయాను. ముప్పై ఏళ్ళు పిల్లలకు నిజం చెప్పడం నేర్పిన టీచరునండీ నేను.

మందమర్రిలో బొగ్గుబాయి క్వార్టర్లలో ఉండే మా చెల్లెలు నన్ను ఒంటరిగా చూసి, "బావతోటి కొట్లాడినవా అక్కా?" అని కంగారుపడింది. ఓడలు చూడటానికి వచ్చానంటే నమ్మక, వంటింట్లోకి పోయి మా ఆయనకు ఫోను చేసి మరీ నిర్ధారించుకుంది. అన్నం పెడుతూ మాటల్లో, మేనత్తకు మతిమరుపు మొదలైందనీ, మొన్న పోతే తననే ఎవరని అడిగిందనీ చెప్పింది. ఆమె మరిచిపోయాక నేను చెప్పి ఏం లాభం? తప్పు ఒప్పుకోవడానికి కూడా ఎదుటి మనిషికి అది గుర్తుండాలి కదా. బెల్లంపల్లి దాకా పోవాలనుకున్నదాన్ని, చేయి కడుక్కుని కారు వెనక్కి తిప్పాను. రివర్సు ఒక్కసారికే వచ్చింది.

మేనత్త వాకిట్లో ఒక పొడుగాటి చెక్కబల్ల మీద కూర్చుని చిక్కుడుకాయ తుంచుతోంది. మా మామ పక్కనే చాయ తాగుతున్నాడు. నన్ను తేరిపార చూసింది. "పెద్దన్న బిడ్డవు గదనే" అంది. అంతే, నాకు ఏడుపు ఆగలేదు. కుశలాలు కూడా అడక్కుండా, డిక్కీలోంచి బియ్యం తెచ్చి ఆమె ముందు పెట్టి, మొత్తం చెప్పేశాను.

ఆమె చిక్కుడుకాయ తుంచడం ఆపలేదు. "నేను జూడలే అనుకున్నవా బిడ్డా? సకినాలు సంకల వెట్టుకొని బియ్యం ఏట్లేసినవ్. ఒడ్డు దిగేదాంక నములుతనే ఉన్నవ్ గద!"

చూసింది! యాభై ఏళ్ళు చూసి ఊరుకుంది. మరి ఎవరికీ ఎందుకు చెప్పలేదంటే, చెప్తే తన అత్తగారు నన్ను బతుకంతా తిట్టిపోసేదంది. కీడు సంగతేమిటంటే, మామ వైపు గడ్డంతో చూపించి, "గదిగో, కూసున్నడు. పొద్దుగాల సంది మూడుసార్లు చాయ తాగిండు" అంది. పుట్టింటికి మళ్ళీ ఒడిబియ్యానికి రాకపోవడానికి కారణం కూడా ఆ మూట కాదట. ఆ అత్తగారే మంచాన పడితే పన్నెండేళ్ళు చాకిరీ చేసింది. ఆ తర్వాత మా బాపు పోయాడు. "పిలువక మీరు, పిలువంది రాక నేను" అంది. అది మాత్రం నిజంగా మా తప్పే. కానీ ఇన్నేళ్ళు నేను మోసిన తప్పు అది కాదు. ఛాతీ మీదనుంచి ఎవరో రుబ్బురోలు ఎత్తి పక్కన పెట్టినట్టు ఊపిరి ఆడింది.

మామ అప్పుడు నేను వెతుకుతున్న ఓడ సంగతి చెప్పాడు. ఆ రేవులో పెద్ద పడవ ఒక్కటే ఉండేదట. వంతెన వచ్చాక దాన్ని విప్పేస్తే, ఒక టేకు చెక్క ఆయన బండి మీద వేసుకొచ్చాడట. అత్తమ్మ కూర్చున్న బల్ల అదే. ఆ పడవ చెక్క మీదనే ఆమెను తూర్పు ముఖంగా కూర్చోబెట్టి, పసుపు కలిపి, ఐదు సేర్ల బియ్యం ఆమె ఒడిలో పోశాను. పుట్టింట్లో పోయాల్సినవి ఆమె వాకిట్లోనే పోయడం పద్ధతేనా అని పెద్దవాళ్ళు అడగొచ్చు. వాళ్ళిప్పుడు లేరు.

ఇప్పుడు రేవులూ లేవు. రెండు నిమిషాల్లో వంతెన దాటేస్తాం, కింద ఏరుందని గుర్తొచ్చేలోపల ఒడ్డు వస్తుంది. మేకలు లారీల్లో పోతున్నాయి, ఒడిబియ్యం సంచుల్లో కట్టి డిక్కీల్లో పెడుతున్నారు, ఏదీ తడవదు. తడవకపోవడం మంచిదే. కానీ ఒకే పడవలో కూర్చుని ఒకరి భయం ఒకరు చూసి, చూసినది కడుపులో దాచుకునే మనుషులు ఎక్కడ తయారవుతారోనని అనిపిస్తుంది.

అత్తమ్మకు ఇప్పుడు ఎవరి పేరూ గుర్తులేదు. మామను కూడా ఒక్కోసారి "ఎవలయ్యా నువ్వు" అంటుందట. రెండు నెలలకోసారి నేను పోతాను. కారు దిగగానే నా మొహం కాదు, నా చేతులు చూస్తుంది. "సకినాలు తెచ్చినవా?" అంటుంది.

గుమాస్తా లైసెన్సు ఇంకో ఐదేళ్ళు పెంచాడు. ఇంటికి రాగానే బియ్యం నానబోశాను.