అల్లాల్ హాజీ నెలవారీ అనుమానం

మొరాకోలోని సఫీ చేపల రేవులో అల్లాల్ హాజీకి ఉన్న పిచ్చి ఒక్కటే: నెలనెలా హెచ్‌ఐవీ పరీక్ష చేయించుకోవడం. పోయిన నెల పరీక్ష ముగించుకుని దిగుతుండగా ఆయన పొడుగు జలాబా అంగీ అంచు పరీక్ష బండి తలుపులో ఇరుక్కుంది. డ్రైవరు చూసుకోకుండా బండి కదిలించాడు. హాజీ బండి పక్కనే ఐస్ ఫ్యాక్టరీ దాకా నడిచి, దారిలో ఎదురైన వాళ్లందరికీ సలాములు చెప్పి, అక్కడ తలుపు తెరిచాక వెనక్కి వచ్చాడు.

"చూశారా, జబ్బే తాతను వదలనంటోంది!" అన్నారు జాలర్లు.

డెబ్బై రెండేళ్ల మనిషి. వలలు బాగుచేస్తాడు. భార్య పోయి ఆరేళ్లయినా టీ రెండు గ్లాసుల్లోనే పోస్తాడు. రెండోది చల్లారాక తనే తాగేస్తాడు. ఇలాంటి వాడికి ఆ పరీక్ష ఎందుకంటే రేవుకు నవ్వు ఆగదు.

నిండు వెన్నెల రోజుల్లో సార్డీన్ చేపల పడవలు కదలవు. ఆ వారమే పరీక్ష బండి వస్తుంది. చుట్టూ యాభైమంది మూగుతారు, తనంతట ఒక్కడూ మెట్టెక్కడు. తెలియక కాదు. టీ గ్లాసుతో రాదు, దోమతో రాదు, తొడుగు లేకుండా పడుకుంటే వస్తుందని నిద్రలో లేపి అడిగినా అప్పజెబుతారు. కాకపోతే, వస్తే గిస్తే పక్క పడవ వాళ్లకే వస్తుందని గట్టి నమ్మకం.

కుర్ర జాలరి యీదర్‌కూ ఆ నమ్మకం ఉండేది. దూరాన దఖ్లా రేవులో చేపల పనికి వెళ్లినప్పుడు అద్దె గదిలో గోడలతో మాట్లాడి విసిగి, ఒకామెకు దగ్గరయ్యాడు. 'శుభ్రమైన మనిషి' అనుకున్నాడు. జేబులో తొడుగు జేబులోనే ఉండిపోయింది. తిరిగొచ్చి నాలుగు నెలలు. వచ్చే నెల రఖియాతో పెళ్లి. ఇప్పుడు ఇంతమందిలో నిలబడ్డా అతనికి ఒంటరిగానే ఉంది. బండి పదడుగుల దూరం. ఎక్కితే రేవంతా చూస్తుంది. ఎక్కకపోతే రఖియా మొహం తను చూడలేడు.

"ఒరేయ్ యీదర్! ఈ మెట్లు నా వల్ల కాదు, రెక్క పట్టుకో!" హాజీ కేకేశాడు.

"మళ్లీనా తాతా? ఎవరా అదృష్టవంతురాలు?" గుంపులోంచి ఒకడు.

"పేరు చెబితే నీకు నిద్ర పట్టదు, పోరా!"

"పోయిన నెల కర్ర మోయడానికి ఔమర్, అంతకు ముందు చెప్పులు మోయడానికి సరంగు. ఇక నీ వంతురా యీదర్!" ఇంకొకడు అందుకున్నాడు.

అందరూ హాజీని చూసి విరగబడి నవ్వారు. యీదర్‌ను చూసినవాడు లేడు.

లోపల హాజీ గొంతు తగ్గించాడు. "నాకు సూదంటే భయంరా. ముందు నువ్వు గుచ్చించుకో, చూసి ధైర్యం తెచ్చుకుంటా."

యీదర్ వేలు చాపాడు. ఫలితం వచ్చేదాకా ఇద్దరూ బల్ల మీద కూర్చున్నారు. హాజీ ఫ్లాస్కులోంచి రెండు గ్లాసులు పోసి ఒకటి అతని వైపు తోశాడు. ఆ రెండో గ్లాసు ఈసారి చల్లారలేదు.

నర్సు గిజ్లాన్ యీదర్‌ను తెర వెనక్కి పిలిచింది. "నీకేం లేదు, నిశ్చింతగా పెళ్లి చేసుకో. కానీ ఇంకోసారి నమ్మకాల మీద బతక్కు."

యీదర్ చొక్కా చేతితో మొహం తుడుచుకుంటూ బయటికొచ్చాడు. గిజ్లాన్ హాజీ మీద పడింది.

"ఏడాదిలో ఇది పన్నెండోసారి! మీకు రాదని మీకూ తెలుసు, నాకూ తెలుసు. నెలనెలా నా సూది ఎందుకు దండగ చేస్తారు?"

హాజీ రెండో చెప్పు వెతుక్కుంటూ అన్నాడు:

"నేనెప్పుడైనా ఒంటరిగా వచ్చానా తల్లీ?"