సింహానికి నీలం కళ్లు

నా చిన్నప్పుడు మా ఇంటి కొలిమి చాలాకాలం చల్లగా పడి ఉంది. మాది నల్గొండ దగ్గరి పల్లె. మా తాతయ్య ఇత్తడి పోతపోసే కంచరి. రజాకార్ల భయానికి జనం బిందెలు, చెంబులు దొడ్లో పాతిపెట్టుకున్న రోజుల్లో, పొగ లేస్తే ఎవరి కంట పడుతుందోనని ఆయన నిప్పు జోలికే పోలేదు. చివరికి మిలిటరీ లారీలు వచ్చాయి. రాజ్యం మారిందన్నారు. గుట్ట మీది నరసింహస్వామి గుడిలో ఉండే సింహం తల ఆ గొడవల్లో పోయింది కనుక, కొత్తది పోసిపెట్టమని ఊరి పెద్దలు తాతయ్యను అడిగారు. ఇంటింటి నుంచీ పగిలిన చెంబులూ సొట్టపోయిన తాంబాళాలూ వచ్చి మా వాకిట్లో కుప్పపడ్డాయి.

ఆ రోజు నా కాళ్లు నేల మీద నిలవలేదు. తిత్తి ఊదింది నేనే. మూసలో ఇత్తడి కరిగి తళతళలాడుతుంటే కేకలు పెట్టిందీ నేనే. మట్టి అచ్చు పగలగొట్టగానే లోపలి నుంచి జూలు, మీసాలు, కోరలతో సింహం తల బయటపడింది. కళ్ల దగ్గర మాత్రం రెండు గుంటలున్నాయి. వాటిలో ఏం పెట్టాలో నాకు ముందే తెలుసు. ఊరి దొర పారిపోయాక ఆయన గడీ కిటికీలు పగిలాయి. ఆ నీలం అద్దం ముక్కలు ఏరి డబ్బాలో దాచుకున్నాను. పరుగెత్తుకెళ్లి తెచ్చి తాతయ్య ముందు పోశాను.

ఆయన ఒక ముక్క తీసుకుని వేడి గుంటలో అదిమాడు. టప్పున పగిలి ఎగిరిపోయింది. ఇంకొకటీ అంతే. నాకు ఏడుపొచ్చింది.

"గాజు సంగతి నాకేం ఎర్క బిడ్డా?" అన్నాడు తాతయ్య తల గోక్కుంటూ. "గది గాజుల చాచాకే ఎర్క. ఉరికి పిల్చుకరాపో."

గాజుల చాచా ఇల్లు మా సందు మలుపులో ఉండేది. గాజు కరిగించి గాజులూ పూసలూ చేసేవాడు. ఊళ్లో ఆడవాళ్లందరి చేతులకూ ఆయన గాజులే. అయితే మిలిటరీ వచ్చినప్పటి నుంచి ఆ ఇంటి తలుపు తెరుచుకోలేదు. చుట్టుపక్కల ఊళ్లలో ముసల్మానుల మీద పడుతున్నారని కబుర్లు వస్తుండేవి. మా ఊళ్లో ఆయన్ని ఎవరూ ఏమీ అనలేదు. కానీ వెళ్లి పలకరించిన వాళ్లూ లేరు. ఇవన్నీ నాకు తర్వాత తెలిసిన సంగతులు. ఆ పూట నాకు తెలిసింది ఒక్కటే, నిప్పు ఆరిపోతోందని.

రెండు చేతులతో తలుపు బాదాను. చాలాసేపటికి తలుపు సందులోంచి ఒక కన్ను కనిపించింది.

"చాచా, సింహానికి కండ్లు అతుకుతలేవు. తాత రమ్మంటున్నడు!"

"నేనెట్లొస్త బేటీ? మంది ఏమనుకుంటరో."

"ఎవరేమనుకుంటే ఏంది? జర జల్ది రా, కొలిమి ఆరిపోతాంది!"

ఆయన లోపలికి వెళ్లి, పట్టకారూ చిన్న ఇనుప గరిటే చేతబట్టుకుని వచ్చాడు. ఆయన వేలు పట్టుకుని లాక్కుంటూ నడిచాను. అరుగుల మీది మాటలు ఆగిపోయాయి. ఆయన వేలు నా పిడికిట్లో వణుకుతోంది. వయసు పిల్లలు ముగ్గురు దారికి అడ్డంగా నిలబడి ఉన్నారు.

"ఎటు పోతున్నవ్ చాచా?" అన్నాడు వాళ్లలో ఒకడు.

"సింహానికి కండ్లు పెట్ట పోతున్నడు!" అని నేనే అరిచాను. "జరుగుండ్రి, జల్ది!"

వాడు ఫక్కున నవ్వి పక్కకు జరిగాడు. తర్వాత ముగ్గురూ మా వెంటే వచ్చారు. వాళ్ల వెనక ఇంకెందరో.

చాచా సింహం తలను బొగ్గుల్లో పెట్టి ఎర్రబారేదాకా కాల్పించాడు. గరిటెలో గాజు తేనెలా కరిగింది. ఊపిరి బిగబట్టి ఒక్కొక్క చుక్కా గుంటల్లో జార్చాడు. పగల్లేదు. వేడి బూడిదలో పూడ్చి, తెల్లారేదాకా ఎవరూ ముట్టొద్దన్నాడు. ఆయన చెయ్యి అప్పుడు వణకలేదు.

పొద్దున్నే మా వాకిలి నిండిపోయింది. చాచా బూడిద ఊడ్చి, తలను ఎండకు తిప్పాడు. నీలం కళ్లు రెండూ భగ్గుమన్నాయి! నేను ఎగిరిన ఎగురుకు మా అవ్వ నన్ను పట్టుకోవలసి వచ్చింది. ఎవరో చాచా భుజం తట్టారు. ఎవరో చల్ల తెచ్చి ఇచ్చారు. మధ్యాహ్నానికి ఆయన తలుపు బార్లా తెరిచి ఉంది. గాజులు వేయించుకోవడానికి మా అవ్వే ముందు కూర్చుంది.

ఇంటికొచ్చాక అవ్వ నవ్వి, మా దేవుడి గూట్లోని ఇత్తడి నెమలిని చూపించింది. దానికి ఎర్ర గాజు కళ్లున్నాయి. "గివి ఎవరు పెట్టిన్రనుకున్నవే? నీ తాతనే."

నాకు రోషం వచ్చింది. తాతయ్యను నిలదీశాను.

"భయపడకు, బయటికి రా అంటె వస్తడా బిడ్డా? ఇంకింత భయపడతడు" అన్నాడాయన మెల్లగా. "పనుందంటె వస్తడు."

ఇద్దరి దగ్గరా పని నేర్చుకున్నాను. పట్నంలో బొమ్మలు చేసే చదువు చదివాను. ఇనుము, ఇత్తడి, గాజు కలిపి మనిషెత్తు పక్షులు, మాను ఎత్తు జ్వాలలు నిలబెట్టాను. ఎక్కడెక్కడివాళ్లో వచ్చి చూశారు. కొలిమి అంటించే రోజున నాకు ఇప్పటికీ కాలు నిలవదు.

ఆమధ్య మా పక్కింటి పెద్దాయన భార్య పోయింది. నెలలు గడిచినా ఆయన గడప దాటలేదు. పిల్లలు చెప్పి చెప్పి అలిసిపోయారు. నిన్న నేను వెళ్లి తలుపు కొట్టాను. గాజు కరిగిస్తున్నాననీ, వయసు మీద పడి చేతులు వణుకుతున్నాయనీ, కాసేపు పట్టకారు పట్టుకోమనీ అడిగాను. చెప్పులైనా వేసుకోకుండా వచ్చాడు.

నా చేతులు ఇంకా వణకడం లేదు.