మంత్రసాని సాక్ష్యం

మా ఊరి మంత్రసాని ఏ మాటైనా రెండు చేతులూ చరిచి మొదలుపెట్టేది. చిత్తూరు కోర్టులో సాక్ష్యం చెప్పేటప్పుడూ అంతే. జడ్జిగారు ఉలిక్కిపడ్డారు.

మా పక్కింటాయన వీలునామా రాయకుండానే లారీ ప్రమాదంలో పోయాడు. ఏడు నెలలకు కూతురు పుట్టింది. ఆయన కొన్న పొలాన్ని తమ్ముడు ఆక్రమించుకుని, ఆ పిల్ల అన్న బిడ్డే కాదన్నాడు. పిల్ల తల్లి దావా వేసింది. ఆమెకు తోడుగా నేనూ కోర్టుకు వెళ్లాను.

"కడుపు సంగతి ఆయనకు తెలుసా?" అని తమ్ముడి వకీలు అడిగాడు.

"పోయే వారం ముందు నేనే నాడి సూసి సెప్పినాను సామీ! సంతోషం పట్టలేక ఈదంతా బెల్లం పంచినాడు. ఇదో, ఈ తమ్ముడు రెండు ముక్కలు తినినాడు!"

కోర్టంతా గొల్లున నవ్వింది. తమ్ముడు తల దించుకున్నాడు.

తండ్రి పోయేనాటికి కడుపులో ఉన్న బిడ్డకూ, ప్రాణంతో పుడితే, తల్లితో సమానంగా హక్కుందని తీర్పు వచ్చింది. నేను ఎగిరి గంతేశాను.

వరండాలో మంత్రసాని రెండేళ్ల పిల్లను చంకనేసుకుని తమ్ముడి ఎదుటికి వెళ్లింది. "నీ అన్న బిడ్డప్పా. ఎత్తుకో."

అతను చేతులు చాచాడు. పిల్ల మాత్రం మంత్రసాని మెడ వదల్లేదు.